వెనిగర్‌తో తోమిన అండా

మొన్న ఆదివారం మధ్యాహ్నం ఎదురింటి అమ్మాయి సెల్‌ఫోను పట్టుకుని మా వాకిట్లోకి వచ్చి, పెద్దమ్మా ఇది చూడండి, ఇక పౌడర్లూ ఆసిడ్లూ ఏవీ కొననక్కర్లేదు అంటూ ఒక వీడియో చూపించింది. అందులో గోళ్ళకు రంగు వేసుకున్న ఒకావిడ వంటింటి తొట్టిలో వంటసోడా చల్లి, దాని మీద వెనిగర్ పోసి, అది బుస్సుమని పొంగగానే పెద్ద అద్భుతం జరిగినట్టు కళ్ళు విప్పార్చుకుని మన వైపు చూసింది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ రెండూ కలిస్తే ఒకదాని పస ఒకటి తీసేసుకుంటాయనీ, పొంగు అణిగాక మిగిలేది ఉత్త ఉప్పునీళ్ళేననీ, తొట్టి మెరిసిందంటే అది ఆవిడ ఆ తరవాత పీచుతో రుద్దిన రుద్దుడు వల్లనేననీ ఆ పిల్లకు కాస్త కటువుగానే చెప్పాను. ఆ పిల్ల నొచ్చుకోకుండా నవ్వి, ఇవన్నీ మీకెలా తెలుసు పెద్దమ్మా అని అడిగింది. పొయ్యి మీద పాలు పెట్టానని అబద్ధమాడి లోపలికి వచ్చేశాను.

ఎలా తెలుసంటే ఏం చెప్పను? గాజు అద్దం మీద నీటి మరకలకు వెనిగర్‌లో సగం నీళ్ళు కలిపి వాడాలనీ, చేపలు కోసిన కత్తికి నీచు వాసన పోవాలంటే తుడిచి ఒక్క నిమిషం ఆరనివ్వాలనీ, మొజాయిక్ గచ్చు మీద పొరపాటున కూడా పొయ్యకూడదనీ, పోస్తే దాని నునుపంతా చచ్చి మళ్ళీ రాదనీ, బ్లీచింగ్ పౌడర్ ఉన్నచోట వెనిగర్ మూత కూడా తియ్యకూడదనీ ఈనాటి ఫోన్ల కంటే ముందే నాకు తెలుసు. ఆ ఫోన్లలో చూపించేవాళ్ళకు తెలియనిది ఇంకొకటి కూడా తెలుసు. అది నేర్చుకోవడానికి నేను ఎవరి పరువు పోగొట్టానో ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. నా ఈడువాళ్ళయితే సగంలో లేచిపోకుండా వింటారన్న నమ్మకంతో ఇప్పుడు చెబుతున్నాను.

మాది తమిళనాడులో కోవిల్పట్టి. తొంభైల మొదట్లో ఆ ఊళ్ళో కాపురమున్నవాళ్ళెవరూ నీళ్ళను గురించి మంచిమాట మాట్లాడరు, నేనూ మాట్లాడను. కొళాయి ఎప్పుడు వస్తుందో ఎవరికీ తెలియదు, వచ్చిన రోజున వీధంతా ఒకరి జుట్టు ఒకరు పట్టుకోవడమే, తక్కిన రోజుల్లో బోరింగు ఉప్పునీళ్ళే గతి. ఆ నీళ్ళు కాచిన గిన్నె అడుగున తెల్లటి పెచ్చు కట్టి, గోటితో గీకినా రాదు, బూడిదతో రుద్దినా రాదు. మా అమ్మ అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో చట్రాలకు పుల్లలు అమర్చే పని చేసేది, పొద్దంతా నిలబడి నిలబడి వచ్చి కూడా వంటింటి మూల ఒక మట్టికుండలో బియ్యం కడుగునీళ్ళు పోసి పులియబెట్టేది, రెండు రోజులకు అది ముక్కు మూసుకోవలసినంత పులిసేది, అందులో గిన్నెలు నానేస్తే పెచ్చు కొంచెం మెత్తబడేది. బడిలో పిల్లలు నా దగ్గర పులికంపు కొడుతోందని దూరంగా జరిగి కూర్చునేవాళ్ళు, వాళ్ళ మొహాలు నాకిప్పటికీ గుర్తే. ఇత్తడి అంటే మా ఇంట్లో నీళ్ళబిందెలు రెండే ఉండేవి, వంటంతా మట్టిలోనూ అల్యూమినియంలోనూ జరిగేది. ఇత్తడి పాత్రలో వండుకునే ఇల్లు నేను పెళ్ళికి ముందు చూడలేదు.

పదో తరగతి అయ్యాక ఊళ్ళోనే ఒక చిన్న ఆసుపత్రిలో సామాన్లు కడిగే పనికి కుదిరాను. అక్కడ కేరళ నుంచి వచ్చిన ఒక నర్సమ్మ ఉండేది, మనిషి ముళ్ళకంప, పలకరిస్తే గుచ్చుకోవడమే, తప్పు చేస్తే అందరి ముందూ దులిపేది. సూదులూ కత్తెర్లూ ఉడకబెట్టే స్టీలు పెట్టెకు కూడా మా ఉప్పునీళ్ళు వేలెడు మందాన పెచ్చు కట్టేవి. ఒకరోజు ఆవిడ వాళ్ళ ఊరి నుంచి తెచ్చుకున్న సీసా ఒకటి తీసి, ఆ పెట్టెలో నాలుగు గ్లాసులు పోసి, నీళ్ళు కలిపి మరగపెట్టి చల్లారనిచ్చి, ఇప్పుడు వంచు అంది. వంచితే ఆ తెల్లటి పెచ్చు పెంకులు పెంకులుగా ఊడి వచ్చేసింది, లోపల నా మొహం కనిపించింది. నా చిన్నతనమంతా మా అమ్మను ఏడిపించిన తెల్లదనం అలా ఒక్క పూటలో పోవడం చూసి నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. అది వెనిగర్ అని ఆవిడ చెప్పింది. స్టీలుకూ గాజుకూ వాడు, దాన్ని దాటి పోవద్దు అని కూడా చెప్పింది గాని, ఎందుకు పోవద్దో చెప్పలేదు, నేను అడగలేదు, ఆవిడను అడిగే ధైర్యం ఆ ఆసుపత్రిలో డాక్టరుకే లేదు.

తొంభైల మధ్యలో నాకు విరుదునగర్ సంబంధం వచ్చింది. మా ఆయన నూనె మిల్లులో పని చేసేవారు. ఇంట్లో అత్తా, మా ఆయన అన్నగారూ, ఆయన భార్యా, వాళ్ళ ఇద్దరు ఆడపిల్లలూ ఉండేవారు. ఆయన భార్య అంటే నాకు తోడికోడలు, మా వైపు తెలుగులో ఏరాలు అంటాం. వీధిలో ఉన్నవాళ్ళంతా మాలాగే ఇంట్లో తెలుగూ గడప దాటితే తమిళమూ మాట్లాడే కూలిజనం, ఎక్కువమంది మిల్లుల్లోనూ గిడ్డంగుల్లోనూ పని చేసేవాళ్ళు, వీధి చివర మా చిన్న చర్చి. ఏటా చర్చి పండుగనాడు అందరూ ఒకే పంక్తిలో కూర్చుని తినే భోజనాన్ని మా వైపు అసనం అంటారు. ఒకప్పుడు అసనానికి పెద్ద పాత్రలు అద్దెకు అడిగితే, ఆ వీధికి ఇచ్చిన పాత్ర మళ్ళీ ఇంకెవరు తీసుకుంటారు అని బజారులో మొహాన అనేవాళ్ళట. ఆ మాట పడలేక మా మామగారు, రైల్వేలో పట్టాల పని చేసిన మనిషి, ఎక్కడో వేలంలో ఒక పెద్ద ఇత్తడి అండా కొని వీధికి తెచ్చారు. నేను కాపురానికి వచ్చేసరికి ఆయన పోయి చాలా ఏళ్ళయింది, అండా మాత్రం ఉంది. అసనం సాంబారు దానిలోనే కాగాలి, దాన్ని తోమి పంపే హక్కు మా ఇంటి పెద్దకోడలిది.

ఆ పెద్దకోడలికి నేను అడుగు పెట్టిన రోజు నుంచీ గిట్టలేదు, నాకూ ఆమె గిట్టలేదు, ఇందులో ఎవరి తప్పు ఎంత అని ఇప్పుడు తూచను. ఆమెకు ఇల్లంతా చింతపండు పులుసూ ఇటుకపొడీ కొబ్బరిపీచూ మాత్రమే. నేను తెచ్చిన సీసా చూసి ఇదేమిటని అడిగింది, చెప్పాను. తమిళ బైబిల్లో దాన్ని కాడి అంటారు, సిలువ మీద దాహమన్న ప్రభువుకు స్పాంజిలో ముంచి ఇచ్చింది అదే, ఆ ఎగతాళి వస్తువుతో నా ఇంట్లో గిన్నెలు కడుగుతావా అని ఆమె అత్త ముందు రాద్ధాంతం చేసింది. నేను వదిలిపెట్టే రకాన్ని కాదు గదా, ప్రభువుకు మేకులు కూడా కొట్టారు, ఈ గోడకున్న మేకులన్నీ పీకేద్దామా అన్నాను. అత్త నవ్వు ఆపుకోలేక చెంగు అడ్డం పెట్టుకుంది. పెద్దకోడలు ఆ నవ్వును నాకు క్షమించలేదు.

అక్కడి నుంచి మా యుద్ధం గిన్నెల మీదికి దిగింది. నేను సీసాను నా ట్రంకుపెట్టెలో చీరల అడుగున దాచి, ఆమె కొళాయికి వెళ్ళినప్పుడల్లా తీసి, పెచ్చు కట్టిన స్టీలు చెంబులన్నీ తళతళలాడించి పెట్టేదాన్ని. ఆమె వచ్చి చూసి పళ్ళు నూరుకుని, వాటినే మళ్ళీ చింతపండుతో తోమేది. నేను అద్దం తుడిస్తే ఆమె దాన్ని తిప్పి గోడకు పెట్టేది. ఆమె అరుప్పుకోట్టై నేతచీర తడిసి రంగు వదిలితే, రంగు నిలవాలంటే చివరి నీళ్ళలో ఒక మూతెడు వెనిగర్ వేస్తే చాలని తెలిసి కూడా నేను నోరు విప్పలేదు, ఆ చీర వెలిసిపోవడం రెండు పండుగల దాకా చూసి సంతోషించాను. ఇలాంటివి రాసుకోవడానికి సిగ్గుగానే ఉంది, కాని ఆ రోజుల్లో నాకు ఉన్న సంతోషాలు ఇవే.

పెళ్ళయిన రెండో ఏడు అసనానికి రెండు రోజుల ముందు ఆమె కుడిచేతి బొటనవేలికి గోరుచుట్టు లేచింది. వేలు ఇంతలావు వాచి, నీళ్ళు తగిలితే ప్రాణం పోయేటంత నొప్పి. అత్త అప్పుడు కారియాపట్టిలో చెల్లెలి ఇంటికి వెళ్ళింది, పండుగ పొద్దుకు గాని రాదు. వేరే ఏ పని అయినా ఆమె నన్ను అడిగి ఉండేది కాదు, అండా గనక అడిగింది. అడగడంలో కూడా ఆమె పద్ధతి ఆమెదే. పెరటి తలుపు వేసుకుని తోమాలి, తోమింది నేనని ఇంట్లో గాని వీధిలో గాని ఎవరికీ చెప్పకూడదు. బయటంతా చింతపండుతో తోము, లోపల మటుకు ఊరికే నీళ్ళతో కడుగు అని చెప్పి, వేలు పైకెత్తి పట్టుకుని ఆసుపత్రికి వెళ్ళిపోయింది.

అండాను పడుకోబెట్టి లోపలికి తొంగి చూశాను. బయట పసుపుపచ్చగా ఉన్న ఇత్తడి లోపల బూడిదరంగులో, మచ్చలు మచ్చలుగా, కాంతి లేకుండా ఉంది. ఓహో, ఇదా ఈ మహాతల్లి పనితనం, పదేళ్ళుగా జనానికి కనబడే వైపు మెరిపించి, అన్నం పడే వైపు మురికి పేరబెట్టి, ఆ గుట్టు నాకు తెలియకూడదని నీళ్ళతో కడుగు చాలు అంటున్నదా అనుకున్నాను. మీలో ఇత్తడిలో వండిన ఇళ్ళలో పుట్టినవాళ్ళకు ఈపాటికి గుండె జారి ఉంటుంది. అది మురికి కాదు, కళాయి. మా వైపు ఈయం అంటారు. ఇత్తడి పులుపుతో కలిసి చిలుము పట్టకుండా తగరం కాచి లోపల పూసే పూత అది. నీళ్ళబిందెకు అది అవసరం లేదు, మా ఇంట్లో ఉన్నవి బిందెలే. ఆ పూత అప్పటికే పలచబడి ఉంది, ఆ ఏడు కళాయివాడు మా వీధికి రాలేదు, అందుకే ఆమె లోపల రుద్దవద్దంది. ఎందుకో ఒక్క ముక్క చెప్పి ఉంటే సరిపోయేది. నేనయినా అడిగి ఉంటే సరిపోయేది. ఒకరితో ఒకరం అవసరానికి మించి మాట మాట్లాడకూడదని మేమిద్దరం పంతం పట్టి ఉన్నాం.

ట్రంకుపెట్టెలోంచి సీసా తెచ్చాను. రాతి ఉప్పు చల్లి, సీసా మొత్తం పోసి, పొద్దున నానబెట్టి, మధ్యాహ్నం దాకా అండాను అటూ ఇటూ దొర్లిస్తూ, కొబ్బరిపీచూ ఇటుకపొడీ వేసి మోచేతులు నొప్పెట్టేదాకా లోపల రుద్దాను. బూడిదరంగు నీళ్ళు కాలువలోకి పోతుంటే ఆమె పదేళ్ళ మోసం కడిగేస్తున్నానన్న ఆనందంలో ఒక పాట కూడా పాడుకున్నాను. సాయంత్రానికి అండా లోపల కూడా బంగారంలా తేలింది. నాకు అప్పుడు మూడో నెల, వంగి రుద్దినందుకు నడుము పట్టేసింది, అయినా దాన్ని చూస్తూ కాసేపు అక్కడే కూర్చున్నాను. ఖాళీ సీసా తోమే రాయి వెనకాల పెట్టి, అండాకు మూత వేసి గుడ్డ చుట్టేశాను. వేలికి కట్టు కట్టించుకుని వచ్చిన మా ఏరాలు బయటి మెరుపు చూసి, సరి అని ఒక్క మాట అంది. లోపల చూడలేదు.

పండుగనాడు వంటకు నిలబడ్డవాళ్ళు మా వీధి మిల్లు కూలీలే గాని పాత్రల సంగతి తెలిసిన వంటవాళ్ళు కారు. మూత తీసి, ఈ ఏడు అండా కొత్తదానిలా ఉందని మెచ్చుకున్నారు. పక్కనే కూరగాయలు తరిగే ఆడవాళ్ళలో కట్టు కట్టిన చేతితో కూర్చుని ఉన్న ఆమె, ఆ మెప్పును తలవంచుకుని చిన్నగా నవ్వుతూ తీసుకుంది. ఆ నవ్వు చూసినప్పుడు నాకు కడుపులో మండిన మంట ఇంతా అంతా కాదు. పొద్దున ఆరాధనకు ముందే సాంబారు దించారు, పాస్టరయ్య ప్రసంగం ఆ రోజు ఎన్నడూ లేనంత పొడుగైంది, చింతపండు పులుసు ఆ బోడి ఇత్తడిలో అంతసేపూ అలాగే ఉండిపోయింది. పంక్తిలో కూర్చున్నవాళ్ళు కొంతమంది సాంబారు వగరుగా ఉందన్నారు. మూడో పంక్తి లేవకముందే మొదటి పంక్తి వాళ్ళు చర్చి గోడ పట్టుకుని వాంతులు చేసుకోవడం మొదలుపెట్టారు. పిల్లలు మరీ పాడయిపోయారు. మా ఏరాలి చిన్నకూతురు, అయిదేళ్ళ పిల్ల, కళ్ళు తేలేస్తే మా బావగారు భుజాన వేసుకుని పెద్దాసుపత్రికి పరుగెత్తారు. ఎవరి ప్రాణానికీ ముప్పు రాలేదు, ఆ పిల్లకు మాత్రం రెండు రోజులు సెలైను ఎక్కించారు. నేను వాసన పడక ఆ రోజు సాంబారు ముట్టలేదు.

ఆసుపత్రి వసారాలోనే ఎవరో పెద్దవాళ్ళు, అండాలో ఈయం లేదు, ఒట్టి ఇత్తడి, చిలుము దిగింది అని అనడం విన్నాను. ఈయమంటే ఏమిటని పక్కావిడను అడిగి తెలుసుకున్నాను. మర్నాడు పొద్దున్నే పెరట్లోకి వెళ్ళి రాయి వెనకాల చూస్తే సీసా లేదు. కుక్క ఈడ్చుకుపోయిందో, చిత్తుకాగితాలు ఏరేవాళ్ళు తీసుకుపోయారో అనుకుని ఊపిరి పీల్చుకున్నాను.

ఆ వారం చర్చి పెద్దలు ఇంటికి వచ్చారు. బజారులో అప్పటికే మా వీధి తిండి మీద ఎగతాళి మొదలైంది, పాత్రలు ఇవ్వనన్న దుకాణం వాడు ఇప్పుడు ఇంకా పెద్ద నోరు చేసుకుంటున్నాడు, అందుకని వాళ్ళ కోపం వాళ్ళది. అత్త గోడకు ఆనుకుని కూర్చుంది. మా ఆయన నా పక్కన నిలబడ్డారు. అండాను తోమింది ఎవరు, లోపలి ఈయం గీకింది ఎవరు అని పెద్దాయన అడిగారు. అడుగుతూ నా వైపే చూశారు, ఎందుకంటే ఇంట్లో చిత్రమైన మందులతో గిన్నెలు కడిగేది చిన్నకోడలని వీధికంతా తెలుసు. చెబితే అత్త నన్ను ఆ క్షణమే కోవిల్పట్టి బస్సు ఎక్కిస్తుందని తెలుసు, అంతకు ముందు సంవత్సరమే పక్కింటి కోడల్ని పాలు విరగ్గొట్టినందుకు పంపేసిన వీధి అది. మా ఏరాలు కూతురి దగ్గర నుంచి అప్పుడే వచ్చి, తల కూడా దువ్వుకోకుండా వాకిట్లో నిలబడి ఉంది.

"నేందా తోమితి. ఈయం పోయిండేది చూసుకోలే. తప్పు నాదిదా" అని నేరమంతా తన మీద వేసుకుంది.

వేలికి కట్టు ఉన్న మనిషి అండా ఎలా తోమగలిగిందని ఎవరూ అడగలేదు. పదేళ్ళుగా ఆ పని ఆమెదని అందరికీ తెలుసు, పండుగనాడు మెప్పు తీసుకున్నది ఆమేనని చూసినవాళ్ళు పదిమంది ఉన్నారు. పెద్దలు ఆమెను చెడామడా తిట్టి వెళ్ళారు, మా బావగారు నెల రోజులు ఆమెతో మాట్లాడలేదు. నేను లోపలి గదిలోకి పోయి, మెప్పు తీసుకున్నది గదా, తిట్లు కూడా తీసుకోనీ అని నాకు నేను చెప్పుకున్నాను. చెప్పుకుని నమ్మాను. నమ్మినందువల్లనే ఆ రాత్రి అన్నం తినగలిగాను.

ఆ తరవాత ఆమె నాతో పోట్లాడటం మానేసింది. వంటింటి పెత్తనం మెల్లమెల్లగా నా చేతికి వచ్చింది, సీసా ట్రంకుపెట్టెలోంచి గూట్లోకి ఎక్కింది, అద్దం మళ్ళీ తిన్నగా నిలబడింది. నేను గెలిచాననుకున్నాను. చర్చిలో మాత్రం ఏటా అసనం రోజున ఆమె ఆకులు వెయ్యడానికి లేచినా, నువ్వు కూర్చోమ్మా, నీ చేతి చలవ ఒకసారి చూశాం చాలు అని ఎవరో ఒకరు నవ్వేవాళ్ళు. నేను కూడా ఆ నవ్వుతున్నవాళ్ళలో ఉన్నాను. అండాను పెరట్లో బోర్లించారు, దాని మీద కోళ్ళు ఎక్కి కూర్చునేవి.

రెండు వేల సంవత్సరం దాటి కొన్నేళ్ళకు అత్త పోయింది, మేము రైలుకట్టకు అవతల చిన్న ఇల్లు కట్టుకుని వేరుపడ్డాం. సామాన్లు పంచుకునే రోజున పెరట్లో అండా దగ్గరకు వచ్చేసరికి అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అన్నదమ్ములు బండి మాట్లాడటానికి వెళ్ళాక మేమిద్దరమే మిగిలాం. నా నోరు ఊరుకుంటుందా, ఆ అండా నువ్వే ఉంచుకో అక్కా, అది నీకు తెచ్చిన పేరు ఇంకెవరికి కావాలి అన్నాను. ఆమె అండా మీద ఉన్న కోడిపెట్టను అదిలించి, నా వైపు చూడకుండానే మాట్లాడింది.

"ఆ సీసాను నేందా తీసి పాడుబావిలో ఏస్తి. ఆ పొద్దు నీ పేరు చెప్పిండితే నిన్ను కోయిల్పట్టికి పంపిండురు. నీ కడుపులో మూణ్ణెల బిడ్డ. నా బిడ్డ ఎట్లో తప్పించుకునె, నీ బిడ్డ ఏం పాపం చేసె?"

ఒక పశ్చాత్తాపం, ఒక కన్నీరు, ఒక దణ్ణం, కథల్లో అయితే ఏదో ఒకటి ఉండేది. నాకు వచ్చింది కోపం. ఇన్నేళ్ళు నేను గెలిచానని తిరిగిన ప్రతి రోజూ ఆమెకు తెలుసు, నేను నవ్విన ప్రతి నవ్వూ తెలిసే పడింది. నన్ను నాలుగు తిట్లు తిట్టి ఉంటే మా ఇద్దరికీ సమంగా ఉండేది. తిట్టకుండా నన్ను తన కింద పడేసి పెట్టుకుందని అనిపించింది, ఆ మాటే బండిలో కూర్చున్నంతసేపూ పళ్ళ మధ్య నమిలాను. వచ్చే ఆదివారం చర్చిలో లేచి నిలబడి చెప్పేస్తానని రైలుకట్ట దాటేటప్పుడు అనుకున్నాను. ఆ ఆదివారం తలనొప్పి వచ్చింది. ఆ పై ఆదివారం చుట్టాలు వచ్చారు. అలా పదేళ్ళ పైన గడిచింది, ఆమె నన్ను ఒక్కసారి కూడా అడగలేదు. కామెర్లు ముదిరి ఆమె పోయినప్పుడు, భూస్థాపన అయ్యాక కాఫీలు తాగుతూ ఆడవాళ్ళు ఆమె మంచితనం గురించి రెండు ముక్కలు చెప్పుకుని, ఏమైనా చెప్పండి, ఆ సాంబారు మటుకు జన్మలో మరిచిపోలేం అని నవ్వారు. చిన్నప్పుడు సెలైను ఎక్కించుకున్న కూతురు పెళ్ళయి చంకలో బిడ్డతో అక్కడే నిలబడి, అమ్మ అప్పుడప్పుడూ అజాగ్రత్తమనిషేలే అని తనూ నవ్వింది. నేను నా గ్లాసు కడుక్కుని ఇంటికి వచ్చేశాను.

ఇప్పుడు విరుదునగర్లో కళాయివాళ్ళు లేరు, వీధిలో గుంట తవ్వి, తిత్తి ఊది, ఎర్రగా కాలిన పాత్రలో తగరం రాసి దూదితో తిప్పితే లోపలంతా తెల్లగా పరుచుకోవడం చూసినవాళ్ళు నా వయసువాళ్ళలోనే కొందరు మిగిలారు. అసనం వంట వ్యానులో వస్తుంది, స్టీలు డబ్బాల్లో వస్తుంది, ఎవరు పంపారనీ ఎవరు తోమారనీ ఎవరూ అడగరు, మా వీధికి పాత్రలు ఇవ్వనన్న దుకాణం వాడి మనవడే ఇప్పుడు మా చర్చికి కుర్చీలు తెచ్చి వేస్తాడు. పులుపు ఏ పాత్రకు తగలాలో ఏ పాత్రకు తగలకూడదో తెలుసుకోవలసిన అవసరం కూడా ఆడపిల్లలకు తీరిపోయింది, అందుకు నేను ఏడవను, ఆ తెలివి లేక మేము పడింది చాలు. మంచి నీళ్ళు రోజు విడిచి రోజు వస్తున్నాయి. మా అండా ఎప్పుడో తూకానికి పోయింది. మారవలసినవి చాలావరకు మారాయి, ఆమె పేరు పక్కన మా వీధి పెట్టుకున్న ఆ నవ్వు ఒక్కటి మారలేదు, ఈ మధ్య పెళ్ళయి వచ్చిన కోడళ్ళు కూడా ఆమెను చూడకుండానే ఆ కథ చెప్పుకుంటున్నారు.

ఆ అండాను తోమింది నేను. లోపల రుద్దవద్దని ఆమె చెప్పింది, నేను రుద్దాను. ఇంత సూటిగా రాయగలిగానని నన్ను మెచ్చుకోకండి. నేను తెలుగు అక్షరాలు నలభై దాటాక, ఊసుపోక నేర్చుకున్నాను. మా వీధిలో అందరం ఇంట్లో తెలుగే మాట్లాడతాం గాని చదివేది తమిళమే, తెలుగు చదవగలిగినవాళ్ళు ఈనాటికీ ఒక్కరూ లేరు. తమిళంలో రాసే ధైర్యం నాకింకా రాలేదు.